రిటైర్మెంట్ కమ్యూనిటీలో అమ్మానాన్నలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మానాన్నలు విజయవాడ ఇల్లు వదిలి హైదరాబాదు శివార్లలోని ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో చేరి ఏడేళ్లు దాటింది. మొదట ఇద్దరూ మామూలు ఫ్లాటులో ఉన్నారు. తర్వాత నాన్నగారు మతిమరుపు జబ్బుతో మెమరీ కేర్‌కు మారారు, అక్కడే పోయారు. అమ్మ ఇప్పుడు అసిస్టెడ్ లివింగ్‌లో ఉంది. అప్పటినుంచి బంధువులు, స్నేహితులు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అందరివీ దాదాపు అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఆలోచన మొదలైనప్పుడు

ఇది వృద్ధాశ్రమమే కదా? పేరు మార్చారంతేనా?

కాదు. చూసేవాళ్లు లేని పెద్దలకు, చేతిలో డబ్బు లేని పెద్దలకు నీడనిచ్చేది వృద్ధాశ్రమం. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒకటైనా అలాంటి ఆశ్రమం ఉండాలని చెప్తుంది. రిటైర్మెంట్ కమ్యూనిటీలో పెద్దలు తమ డబ్బుతో ఫ్లాటు కొనుక్కుంటారు లేదా అద్దెకు తీసుకుంటారు. తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. వంట, శుభ్రం, నర్సు, అంబులెన్స్ సంగతి మాత్రం సంస్థ చూసుకుంటుంది. రెండూ ఒకటేననుకుని చాలామంది పెద్దలు ఆ మాట ఎత్తగానే బాధపడతారు. ఒకసారి తీసుకెళ్లి చూపించండి. నోటితో ఎంత చెప్పినా ఆ భయం పోదు.

ఇండిపెండెంట్, అసిస్టెడ్, మెమరీ కేర్ అంటున్నారు. ఏది ఏమిటి?

తమ పని తాము చేసుకోగలిగినవాళ్లు ఉండేది ఇండిపెండెంట్ లివింగ్. స్నానం, బట్టలు, మందుల వంటి వాటికి రోజూ ఒకరి సాయం కావలసినవాళ్లకు అసిస్టెడ్ లివింగ్. అల్జీమర్స్, ఇతర డిమెన్షియా (మతిమరుపు జబ్బులు) ఉన్నవాళ్లకు మెమరీ కేర్. అక్కడ తలుపులు బయటికి ఊరికే తెరుచుకోవు, సిబ్బంది ఎక్కువగా ఉంటారు, దినచర్య రోజూ ఒకేలా నడుస్తుంది. మంచం పట్టినవాళ్లకు, ట్యూబ్‌తో ఆహారం తీసుకునేవాళ్లకు నర్సింగ్ కేర్. ఇవన్నీ ఒకే ఆవరణలో ఉంటే అవసరం పెరిగినప్పుడు ఊరు మారక్కర్లేదు, భవనమో అంతస్తో మారితే చాలు.

ఏ స్థాయి కావాలో తేల్చడానికి డాక్టర్లు ముఖ్యంగా ఆరు పనులు చూస్తారు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం. మీరూ ఒక వారం వాళ్లతో ఉండి ఈ ఆరింటినీ గమనించండి. ఫోన్‌లో అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అనే అంటారు.

ఇద్దరూ బాగానే ఉన్నారు. ఇప్పుడే ఎందుకు?

బాగున్నప్పుడు వెళ్తే తమకు నచ్చినది తామే ఎంచుకుంటారు. జారిపడి తుంటి ఎముక విరిగాక వెళ్తే మనం ఎంచుతాం, అదీ హాస్పిటల్ డిశ్చార్జికి మిగిలిన రెండు రోజుల్లో. ఇంకో సంగతి. చాలా కమ్యూనిటీలు ఇండిపెండెంట్ ఫ్లాటుకు ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. డిమెన్షియా ముదిరాక వెళ్తే నేరుగా మెమరీ కేర్ గదే దొరుకుతుంది. మా నాన్నగారికి మతిమరుపు మొదలయ్యే నాటికి అక్కడి తోట, మెట్లు, భోజనాల హాలు అన్నీ అలవాటైపోయాయి. ఆ అలవాటే ఆయన్ని చాలాకాలం కాపాడింది. కొత్త మనుషుల పేర్లు మర్చిపోయినా హాలుకు దారి మర్చిపోలేదు.

ఇంట్లోనే ఒక మనిషిని పెట్టుకుంటే చాలదా?

కొన్నేళ్లు చాలుతుంది. అమ్మ మతి స్థిమితంగా ఉండి, పక్కింటివాళ్లు మంచివాళ్లై, ఊళ్లో దగ్గరివాళ్లు ఎవరో ఒకరు ఉంటే ఇల్లే మేలు. నేనైతే ఎవరినీ ఇల్లు వదలమని తొందరపెట్టను. పెట్టుకున్న మనిషి చెప్పకుండా మానేసిన రోజున ఏం చేస్తామన్నదే చిక్కు. ఏజెన్సీ వాళ్లు ఇంకొకరిని పంపేలోగా రెండు రోజులు గడుస్తాయి. అటెండెంట్ పగలూ రాత్రీ అవసరమయ్యే సరికి ఇద్దరు మనుషుల జీతం, వాళ్ల తిండి, నర్సు వచ్చిపోయే ఖర్చు కలుస్తాయి. ఆ మొత్తాన్ని కాగితం మీద వేసి అసిస్టెడ్ లివింగ్ బిల్లుతో పోల్చి చూడండి.

నలుగురూ ఏమనుకుంటారోనని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

"మిమ్మల్ని అక్కడ పెడతాం" అనకండి. ఆ మాటలోనే దెబ్బ ఉంది. "ఒక నెల ఉండి చూద్దాం, ఇంటికి తాళం వేసి వెళ్దాం, నచ్చకపోతే వచ్చేద్దాం" అనండి, ఆ మాట నిజంగా నిలబెట్టుకోండి. చాలాచోట్ల కొద్ది రోజుల ట్రయల్ స్టే ఉంటుంది. మా నాన్నగారి చేత సరే అనిపించింది మేం కాదు, అక్కడ ఉంటున్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఇద్దరూ పేపరు పట్టుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఇల్లు అమ్మే మాట మాత్రం మొదటి ఏడాది ఎత్తకండి.

## చూడటానికి వెళ్లినప్పుడు

వెళ్లినప్పుడు ముందు ఏం చూడాలి?

ముందు నర్సింగ్ అంతస్తు చూడండి. క్లబ్ హౌసు, స్విమ్మింగ్ పూలు, మోడల్ ఫ్లాటు ఎలాగూ వాళ్లే చూపిస్తారు. వాటి దగ్గరే సమయం అయిపోతుంది. మీరు కట్టే డబ్బుకు అసలు పరీక్ష మంచం పట్టిన రోజున. "అక్కడ ఇప్పుడు వద్దండీ, పేషెంట్లు పడుకున్నారు" అంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి, ఆ రోజు తప్పకుండా వెళ్లండి. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య వెళ్తే మంచిది. డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామందికి పొద్దు వాలే వేళే కంగారు, చిరాకు పెరుగుతాయి. ఆ వేళ సిబ్బంది వాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో విన్నారంటే సగం తెలిసిపోతుంది.

నేను చూసేవి చిన్న విషయాలు. మంచం మీద ఉన్నావిడ గోళ్లు కత్తిరించి ఉన్నాయా? మంచినీళ్ల గ్లాసు చేతికందే దూరంలో ఉందా, గదికి ఆ చివర బల్ల మీద ఉందా? కళ్లజోడు తుడిచి ఉందా? కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. తిప్పిన టైము రాసే చార్టు అడగండి. రోజంతటికీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క ఊపులో నింపినట్టుంటే ఆ చార్టును నమ్మకండి. ఒకచోట మధ్యాహ్నం మూడింటికి వెళ్తే రాత్రి పది వరకూ టిక్కులు పెట్టేసి ఉన్నాయి. అక్కడినుంచి మారు మాట్లాడకుండా వచ్చేశాం.

బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీలు, గడప లేని తలుపు, మంచం పక్కనే కాదు, బాత్రూంలోనూ కింద పడినా అందేలా బెల్లు ఉన్నాయేమో చూడండి. ఆ బెల్లు నొక్కండి. మనిషి రావడానికి ఎంతసేపు పట్టిందో వాచీ చూసుకోండి.

డాక్టరు 24 గంటలూ ఉంటారా?

బ్రోచర్లో "24 గంటల వైద్య సహాయం" అని రాసి ఉంటే సాధారణంగా దానర్థం నర్సు ఉంటుందని, డాక్టరు ఫోన్‌లో దొరుకుతారని. అది తప్పేం కాదు, ఆ సంగతి ముందే తెలియాలంతే. రాత్రి ఎంతమందికి ఒక నర్సు, ఆ నర్సు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిందా లేక నేర్చుకున్న అటెండెంటా, అంబులెన్స్ ఆవరణలోనే నిలిచి ఉంటుందా లేక పిలిస్తే వస్తుందా, దగ్గరి పెద్ద హాస్పిటల్‌కు రాత్రి పూట ఎన్ని నిమిషాలు: ఈ నాలుగూ అడిగి రాసుకోండి. గుండెపోటుకు, పక్షవాతానికి నిమిషాలే లెక్క.

మనవాళ్లకు అక్కడి తిండి పడుతుందా?

ఒక పూట అతిథిగా కాదు, రెండు రోజులు తినిపించి చూడండి. ఉప్పు తక్కువ, కారం తక్కువ అనే ఫిర్యాదు ప్రతిచోటా ఉంటుంది. అడిగితే పచ్చడి ఇస్తారా, గదిలో చిన్న స్టవ్ పెట్టుకోనిస్తారా అన్నది ముఖ్యం. ఉదయం ఆరింటికి కాఫీ తన చేత్తో కలుపుకోవడం మా అమ్మకు ప్రాణం. అసిస్టెడ్ లివింగ్‌కు మారాక గ్యాసు వద్దన్నారు, ఎలక్ట్రిక్ కెటిల్‌కు ఒప్పుకున్నారు. ఇత్తడి ఫిల్టరు ఇప్పటికీ ఆవిడ కిటికీ గట్టు మీదే ఉంటుంది.

కోయంబత్తూరులో బాగుంటాయట. అంత దూరం పంపవచ్చా?

మన దేశంలో ఈ తరహా కమ్యూనిటీలు ముందు విస్తరించిన ఊళ్లలో కోయంబత్తూరు ఒకటి. వాతావరణం, హాస్పిటళ్లు, ఏళ్ల అనుభవం అక్కడి బలం. తమిళమో ఇంగ్లీషో తడబడకుండా వచ్చినవాళ్లకు ఇబ్బంది లేదు. తెలుగు తప్ప రానివాళ్లను మాత్రం పంపకండి. డిమెన్షియా ముదిరితే చాలామందికి మధ్యలో నేర్చుకున్న భాషలు ముందు జారిపోతాయి, చిన్ననాటి భాష ఎక్కువకాలం నిలుస్తుంది. దాహమేస్తోందని చెప్తే అర్థమయ్యే మనిషి పక్కన ఉండాలి. హైదరాబాదులోనైనా రాత్రి డ్యూటీ సిబ్బందికి తెలుగు వచ్చా అని అడగాల్సిందే.

## డబ్బు, కాగితాలు

కొనాలా, లీజుకు తీసుకోవాలా, డిపాజిట్ కట్టాలా?

కొంటే ఫ్లాటు మీ పేర రిజిస్టర్ అవుతుంది, తర్వాత పిల్లలకు వస్తుంది. కానీ అలాంటి ఫ్లాటులో ఉండటానికి వయసు నిబంధన ఉంటుంది కాబట్టి తిరిగి అమ్మేటప్పుడు కొనేవాళ్లు తక్కువ. లీజుకైతే పెద్ద మొత్తం ఇరుక్కోదు. డిపాజిట్ పద్ధతిలో వెళ్లిపోయేటప్పుడు కొంత కోసుకుని మిగతాది ఇస్తారు. ఆ కోత ఎంత, ఎన్నాళ్లలో ఇస్తారు అన్నది అగ్రిమెంట్‌లో అంకెల్లో ఉండాలి. మా బంధువులావిడకు "కొత్తవాళ్లు చేరగానే ఇస్తాం" అన్నారు. గది నిండటానికి పదకొండు నెలలు పట్టింది, అన్నాళ్లూ ఆగాల్సి వచ్చింది.

నా సలహా అడిగితే మొదటి ఏడాది అద్దెకే ఉండమంటాను.

రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టర్ అయిందన్నారు. ఇక భయం లేనట్టేనా?

500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, 8 యూనిట్లకు మించి గానీ కట్టి అమ్మే ప్రాజెక్టు రెరాలో ఉండాలి. నంబరు తెలంగాణ లేదా ఏపీ రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అయితే రెరా చూసేది ప్రధానంగా కట్టడం, ఫ్లాటు అప్పగింత. నర్సు వచ్చిందా, అన్నం వేడిగా ఉందా అన్నది దాని పరిధి కాదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ రిటైర్మెంట్ హోముల కోసం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. అవి వాటంతట అవే చట్టం కావు. చాలాచోట్ల కట్టేది ఒక కంపెనీ, సేవలు నడిపేది ఇంకొకటి. రెండో కంపెనీ మానుకుంటే ఎవరు బాధ్యులో రాసి ఉన్న కాగితం అడగండి.

నెలకు ఎంతవుతుందో చెప్పగలరా?

ఊరిని, గదిని బట్టి ఎంతో తేడా. అంకె కన్నా పద్దులు తెలుసుకోండి. మెయింటెనెన్స్, భోజనం, కరెంటు ఒక వైపు. సంరక్షణ ప్యాకేజీ, అటెండెంట్, డయాపర్లు, మందులు, ఫిజియోథెరపీ, హాస్పిటల్‌కు తోడు వెళ్లినందుకు ఛార్జీ ఇంకో వైపు. ఈ రెండో వైపే పెరుగుతుంది. "ఇప్పుడు ఎంత" అని అడిగాక "ఇదే మనిషి మంచం పడితే ఈ నెల బిల్లు ఎంత వచ్చేది?" అని అడిగి, రాయించుకోండి. ఏటా ఎంత శాతం పెంచుతారో కూడా రాతలో ఉండాలి.

రాబడి వైపు చూస్తే, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒకరు 30 లక్షల దాకా పెట్టవచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. 8.2 శాతం చొప్పున నెలకు సగటున 20,500 రూపాయలు. మీరు చేరే రోజున ఉన్న రేటు చూసుకోండి.

ఇన్సూరెన్సులో ఈ ఖర్చు వస్తుందా?

ఉండటానికి, తిండికి, అటెండెంట్‌కు అయ్యే ఖర్చును మామూలు హెల్త్ పాలసీ ఇవ్వదు. హాస్పిటల్లో చేరితేనే పనికొస్తుంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఏర్పాటు 2024లో మొదలైంది. ఆధార్‌తో కార్డు తీయించి పెట్టుకోండి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వనక్కర్లేదన్న పాత హద్దు కూడా 2024 ఏప్రిల్‌లో పోయింది. ప్రీమియం మాత్రం గట్టిగానే ఉంటుంది.

అమెరికాలో లాగా ఒకసారి కట్టేస్తే చివరిదాకా చూసుకునే పద్ధతి ఇక్కడ ఉందా?

అక్కడి కమ్యూనిటీల్లో ప్రధానంగా మూడు రకాల ఒప్పందాలున్నాయి. ఒకదాంట్లో ప్రవేశ రుసుము ఎక్కువ, తర్వాత ఏ స్థాయికి మారినా నెల రుసుము దాదాపు అంతే. రెండోదాంట్లో కొన్ని రోజుల సంరక్షణ వరకే కలిపి ఉంటుంది. మూడోదాంట్లో వాడుకున్నదానికి వాడుకున్నంత. మన దగ్గర నేను చూసినవన్నీ ఈ మూడో తరహావే. కాబట్టి చివరి దశ ఖర్చు వేరుగా దాచిపెట్టుకోవాల్సిందే.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకున్నాం. నాన్నగారి సంతకం చెల్లకపోయినా నడుస్తుంది కదా?

నడవదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కాంట్రాక్ట్ చట్టం ప్రకారం పవర్ ఇచ్చిన మనిషి మానసిక స్థితి చెడితే ఆ పవర్ అక్కడితో ముగిసినట్టే. సరిగ్గా అవసరం పడే రోజున అది పనికిరాదు. అందుకని డిమెన్షియా మొదట్లోనే, ఆయనకు అన్నీ తెలుస్తున్నప్పుడే బ్యాంకు ఖాతాలు 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా (ఇద్దరిలో ఎవరైనా నడిపేలా) మార్చండి, నామినీలు సరిచూడండి, వీలునామా రాయించండి. వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇవేవీ చేయకుండా ఆలస్యమైతే గార్డియన్‌గా నియమించమని కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.

ఇల్లు పిల్లలకు రాసిచ్చేసి వెళ్దామనుకుంటున్నారు. మంచిదేనా?

వద్దు. వీలునామా రాయండి, ఇల్లు పేరుమీదే ఉంచుకోండి. రాసివ్వక తప్పదంటే "నన్ను చూసుకోవాలి" అన్న షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. షరతు రాయకపోతే తర్వాత నిరూపించడం చాలా కష్టం.

## చేరిన కొత్తలో

అమ్మ రోజూ ఫోన్‌లో ఏడుస్తోంది. తీసుకొచ్చేయమంటారా?

మొదటి నెల దాదాపు అందరికీ ఇలాగే ఉంటుంది. మా అమ్మ పదిహేను రోజులు పెట్టె విప్పలేదు. చీరలు మడత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మా అక్క వెళ్లి నాలుగు రోజులుండి, తులసి కుండీ తెచ్చి బాల్కనీలో పెట్టింది. దానికి నీళ్లు పోయాలి కాబట్టి అమ్మ పొద్దున్నే తలుపు తీయడం మొదలుపెట్టింది, తలుపు తీస్తే ఎదురింటావిడ పలకరించింది.

దిగులు వేరు, భయం వేరు. "నాకిక్కడ తోచడం లేదు" అంటే ఓపిక పట్టండి. "రాత్రి పిలిస్తే ఎవరూ రాలేదు", "ఆ అమ్మాయి విసుక్కుంది" అంటే ఆ రోజే మేనేజర్‌తో మాట్లాడండి. బరువు తగ్గినా, భోజనానికి రావడం మానేసినా వెంటనే వెళ్లండి.

ఏ సామాన్లు పంపాలి?

వాళ్ల పాత మంచం వీలైతే అదే. దేవుడి పటాలు, రోజూ తాగే గ్లాసు, పెళ్లి ఫోటో. తివాచీలు, కాళ్లకడ్డం పడే పట్టాలు వద్దు.

పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఎలా?

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో ఫోన్ కెమెరాతో ముఖం చూపించి గదిలోనే పూర్తి చేయవచ్చు.

## అవసరం పెరిగినప్పుడు

"ఇక మెమరీ కేర్‌కు మార్చాలి" అంటున్నారు. బిల్లు కోసమేనా?

అడగడంలో తప్పు లేదు. ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో తేదీలతో చూపించమనండి: దారి తప్పినవి, రాత్రి తలుపు తీసుకుని వెళ్లినవి, పడిపోయినవి. బయటి న్యూరాలజిస్టుకో, వృద్ధుల వైద్య నిపుణుడికో చూపించండి. ఒక్కోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, కొత్త మందు పడకపోయినా, సోడియం తగ్గినా పెద్దవాళ్లు ఒక్కసారిగా తికమకపడతారు, మందు ఇస్తే తేరుకుంటారు. ముందు ఆ పరీక్షలు చేయించాలి. అవేవీ కాదని తేలితే మాత్రం ఆలస్యం చేయకండి. మా నాన్నగారు ఒక రాత్రి రెండింటికి "విజయవాడ బస్సు పోతుంది" అని గేటు దాకా నడిచి వెళ్లారు. కాళ్లకు చెప్పుల్లేవు. వారంలో మార్చాం.

నాన్న మెమరీ కేర్‌కు వెళ్తే అమ్మ ఎక్కడ ఉండాలి?

చాలాచోట్ల అమ్మ ఫ్లాటులోనే ఉంటుంది, పగలంతా ఆయన దగ్గర గడిపి రాత్రికి వస్తుంది. అప్పుడు రెండు గదుల బిల్లు పడుతుంది. చేరేముందే ఈ లెక్క వేయించుకోవాలి. అమ్మ రోజంతా అక్కడే ఉండి అలిసిపోకుండా చూడండి. మా అమ్మ ఉదయం ఒక గంట, సాయంత్రం భోజనం తినిపించడం అని పెట్టుకుంది. ఆయన పేరు పెట్టి పిలవడం మానేశాక కూడా, ఆవిడ కలిపిన పెరుగన్నం ముద్దకు నోరు తెరిచేవారు.

మేం విదేశంలో ఉన్నాం. సరిగ్గా చూస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

వీడియో కాల్ ప్రతిసారీ ఒకే టైముకు చేయకండి. నెలకోసారి బరువు, బీపీ, షుగరు, మందుల జాబితా వాట్సాప్‌లో పంపమనండి. జాబితాలో కొత్తగా నిద్ర మాత్ర కనిపిస్తే ఎవరు రాశారు, ఎందుకు అని అడగండి. ఊళ్లో ఉన్న ఒక బంధువునో, నాన్నగారి పాత విద్యార్థినో చెప్పకుండా వెళ్లి చూసి రమ్మనండి. అటెండెంట్ అమ్మాయి పేరు పెట్టి పలకరించండి, వాళ్లింటి సంగతి అడగండి. పన్నెండు గంటల డ్యూటీలో మన తల్లిని ఎత్తి కూర్చోబెట్టేది ఆ అమ్మాయే.

సరిగ్గా చూడకపోతే ఎవరికి చెప్పాలి?

ముందు మేనేజర్‌కు మెయిల్‌లో, తేదీ, టైముతో. నోటి మాట మిగలదు. పెద్దల కోసం దేశమంతటా పనిచేసే ఎల్డర్‌లైన్ నంబరు 14567, ఉచితం. డబ్బు కట్టి పొందే సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. కొట్టడం, తిట్టడం వంటివైతే నేరుగా పోలీసులకే.

## చివరి రోజుల్లో

ఐసీయూ వద్దు, ఇక్కడే పోతాను అంటున్నారు. కుదురుతుందా?

నర్సింగ్ కేర్ గట్టిగా ఉన్నచోట కుదురుతుంది. నొప్పి తగ్గించే పాలియేటివ్ డాక్టరు వస్తారా అని అడగండి. వెంటిలేటర్ వంటివి వద్దన్న కోరికను ముందే రాతలో పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. ఒక నకలు నర్సుల బల్ల దగ్గర ఫైల్లో ఉండాలి. అది లేకపోతే రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు భయపడి అంబులెన్స్ పిలుస్తుంది. ఆమెను తప్పు పట్టలేం.

పోయాక ఏమేం ఉంటాయి?

డాక్టరు ఇచ్చే మరణ ధ్రువీకరణ, 21 రోజుల్లోగా మరణ నమోదు, ఫ్రీజర్ బాక్సు, పిల్లలు వచ్చేదాకా ఉంచే చోటు. కొన్ని కమ్యూనిటీలు శరీరాన్ని గదిలో ఉంచనివ్వవు, కొన్నిచోట్ల దీనికోసమే ఒక హాలు ఉంటుంది. అడగడానికి నోరు రాదు, కానీ చేరేముందే అడగండి. గది ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలో కూడా. మాకు పదిహేను రోజులు ఇచ్చారు. నాన్నగారి కళ్లజోడు, చేతికర్ర, పేపరు మధ్య పెట్టుకున్న పాత బస్ పాస్ అమ్మ తన గదికి తెచ్చుకుంది. మిగతా బట్టలు అక్కడి వాచ్‌మన్లకు ఇచ్చాం.